పత్తిపోగు: కాంతితో కొలిచే ఒక జీవకణం

జీవకణం అనగానే మన విద్యార్థుల మనస్సులో ముందుగా మెదిలేది ఉల్లిపొర. దానిని గాజుపలక మీద పరచి, అయోడిన్ చుక్క వేసి, సూక్ష్మదర్శిని గొట్టంలోనికి తొంగిచూచి, ఇటుకగోడ వలె కనబడిన దానిని పెన్సిలుతో రికార్డు పుస్తకంలో దించుకొనుటతో కణశాస్త్ర పరిచయం ముగిసిపోతుంది. కణమనేది కంటికి కనబడనిదనీ, ప్రయోగశాల గోడల మధ్యనే ఉండేదనీ ఒక భావన వారిలో స్థిరపడిపోతున్నది. అయితే నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయే సుమారు 40 కిలోమీటర్ల దారిలో, పత్తి ఏరే కాలంలో, బస్సు కిటికీ నుండి చూచేవారికి కణాలు కుప్పలుగా కనబడుతూనే ఉంటాయి. చేలలో విచ్చిన కాయలలో ఉన్నవి, బోరాలలో కుక్కి లారీల మీదికి ఎక్కించినవి, జిన్నింగు మిల్లు ఆవరణలో తెల్లని గుట్టలుగా పోసినవి, అన్నీ కణాలే. పత్తిగింజను అంటిపెట్టుకొని ఉండే ఒక్కొక్క పోగు ఒక్కొక్క జీవకణం. రెండు కణాల అతుకు కాదు, పది కణాల గొలుసు కాదు, సరిగా ఒకటే కణం.

ఆ ఒక్క కణాన్ని కాంతి సహాయంతో ఎట్లు చూడవలెనో, చూచిన దానిని ఎట్లు కొలవవలెనో, ఆ కొలత మన ప్రాంతపు రైతుకు ఏ విధంగా సంబంధించినదో ఈ వ్యాసంలో వివరింపదలచినాము. మేము తెలుగు పాఠాలు చెప్పుకొనేవారము. కనుక ముందుగా మాటల సంగతి చెప్పి ఆ తరువాత శాస్త్రంలోనికి ప్రవేశిస్తాము. పాఠకులు ఈ చాపల్యాన్ని సహింతురు గాక.

1665లో రాబర్ట్ హుక్ అనే ఆంగ్లేయుడు బెండు ముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచి చూచినాడు. అందులో గదులు గదులుగా కనబడిన వాటికి చిన్న గది అనే అర్థమిచ్చే 'సెల్' అని పేరు పెట్టినాడు. అరబ్బీ నుండి ఉర్దూలోనికి వచ్చిన 'ఖలియా' అనే మాటకు తేనెపట్టు అనే అర్థం కూడా ఉన్నది. హుక్ చూచిన దృశ్యానికి అది ఎంత చక్కగా అమరినదో గమనించండి. మన తెలుగులో 'కణం' అంటే నలుసు, రవ్వ. గది అనే భావం అందులో లేదు. మన పిల్లలు కణాన్ని ఒక చుక్కగా ఊహించుకొనుటకు ఈ మాటే కొంత కారణమేమో! సూక్ష్మదర్శినిని ఉర్దూలో 'ఖుర్దబీన్' అంటారు, చిన్నదానిని చూపునది అని. 'కాటన్' అనే ఆంగ్లపదం కూడా అరబ్బీలోని 'ఖుత్న్' నుండి పుట్టినదే. మాటలు కూడా సరకులతో పాటు ఓడలెక్కి ప్రయాణం చేస్తాయి.

ఇక కణం పుట్టుక. పత్తిపువ్వు ఉదయం విచ్చుకొంటుంది. అమెరికన్ జాతి పత్తిలో ఆనాడు లేత పసుపు, మరునాటికి గులాబి రంగు. నంద్యాల ప్రాంతం సంకర పత్తి విత్తనాల ఉత్పత్తికి పేరుపొందినది. ఆ విత్తనపు చేలలో పనిచేసేవారికి ఈ ఉదయం సంగతి మాకంటె బాగుగా తెలుసు. ముందు రోజు సాయంకాలం మొగ్గలోని పుప్పొడి తిత్తులను చేతితో ఒలిచివేసి, మరునాటి ఉదయం వేరొక మొక్క పుప్పొడిని తెచ్చి కీలాగ్రానికి అద్దుతారు. ఆ చేతిపని జరుగుతున్న రోజుననే, పువ్వు అడుగున అండాశయంలో దాగిన ఒక్కొక్క అండం పైపొరలో కొన్ని కణాలు బుడిపెలుగా ఉబ్బుట ప్రారంభమవుతుంది. ఉదయమంతా వంగి పుప్పొడి అద్దే కూలిమనిషి కంటికి అది కనబడదు గాని, మనం ధరించే బట్ట ఆరంభమయ్యేది ఆ రోజుననే.

ఒక్కొక్క గింజ మీద ఇట్టి కణాలు పదివేలకు పైబడి ఉంటాయి. కాయలో ముప్పది గింజలు ఉన్నవనుకొంటే కాయకు మూడు లక్షల పోగులు! ఉబ్బిన కణం మొదటి మూడు వారాలు నిడివిగా సాగుతుంది. వేగంగా సాగే రోజులలో దినానికి సుమారు 2 మిల్లీమీటర్లు. దానిని సాగదీసేది లోపలి నీటి ఒత్తిడి. సైకిలు ట్యూబులోని గాలి వలె, కణం నడుమ ఉన్న రిక్తికలోని నీరు పలుచని కవచాన్ని తోస్తూ ఉంటుంది. సాగుట చివరి దశకు వచ్చేసరికి రెండవ పని ఆరంభమవుతుంది. కవచం లోపలి వైపున సెల్యులోజ్ పొర మీద పొరగా పేరుకొంటుంది. ఈ పని మరి మూడు నాలుగు వారాలు సాగుతుంది. ఈజిప్టులో పత్తి మీద కృషి చేసిన లారెన్స్ బాల్స్ అనే శాస్త్రజ్ఞుడు, పోగును రసాయనంతో ఉబ్బింపజేసి సూక్ష్మదర్శినిలో చూచి, చెట్టు మానులో సంవత్సర వలయాలవలె పత్తిపోగు కవచంలో దినవలయాలు ఉన్నవని 1919లో ప్రకటించినాడు. ఒక రాత్రి, ఒక పగలు గడిస్తే ఒక పొర.

విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచింపవలెను. పోగు పొడవు మొదటి మూడు వారాల చరిత్ర. పోగు కవచపు మందం ఆ తరువాతి వారాల చరిత్ర. పూత సమయంలో నేల బెట్టకు వచ్చి నీరందకపోతే పోగు పొట్టిదవుతుంది. పూత సమయంలో వానలు కురిసి, కాయ ఊరే సమయంలో ఎండబెట్టినా, తెగులు సోకి ఆకు రాలిపోయినా పోగు నిడివిగానే ఉంటుంది గాని లోపల పొరలు పేరుకొనవు. పైకి చూస్తే తెల్లగా, పొడుగ్గా, నిక్షేపంగా ఉంటుంది. లోపల బోలు. నల్లరేగడిలో వాననే నమ్ముకొని పత్తి వేసే రైతుకు ఈ రెండవ ప్రమాదం ఎక్కువ.

కాయ పగిలి ఎండ తగలగానే కణంలోని నీరు ఆరిపోతుంది, కణం మరణిస్తుంది. గుండ్రని గొట్టం చదునుగా అణగి, నాడావలె మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలే లేకపోతే ఒక పోగు మరొక పోగును పట్టుకొనదు, నూలు వడుకుటకు సాధ్యం కాదు. కవచం మందంగా ఉన్న పోగు తగినన్ని మెలికలు తిరుగుతుంది. పలుచని కవచం గల పోగు కాగితం పొట్లం వలె నలిగిపోతుంది. ఈ నలిగిన వాటినే మృత పోగులంటారు. ఇవి జిన్నింగులోను, ఏకుటలోను చిక్కుపడి సన్నని ముడులవుతాయి. రంగు సరిగా పట్టుకొనవు. రంగు వేసిన గుడ్డ మీద తెల్లని మచ్చలుగా తేలేవి చాలవరకు ఇవే.

ఇచ్చట ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. మిల్లులు రాకముందు ఈ ముడుల సంగతి చేతివ్రేళ్లతో తెలుసుకొన్నవారు మన దూదేకులవారు. విల్లు నారిని మీటి దూదిని ఏకే మనిషి, ఏ ఊరి పత్తి విచ్చుకొంటుందో, ఏది ఉండలు కడుతుందో చేతి స్పర్శతోను, నారి చప్పుడుతోను గ్రహించేవాడు. దూదిని పింజలుగా విడదీసేవారు గనుక వారికి పింజారులని కూడా పేరు. ఆ మాటను మన ప్రాంతంలో నేటికీ తిట్టుగా వాడేవారున్నారు. ఒక్కొక్క కణాన్ని మరొక కణం నుండి తెంపకుండా విడదీయగల నేర్పుకు పెట్టిన పేరు తిట్టు ఎట్లయినదో తిట్టేవారే చెప్పవలెను. మన కళాశాల హాజరుపట్టీలో 'దూదేకుల' అని ఇంటిపేరు గల పిల్లలు ఉన్నారు. వారు ఈ పేరాను రెండుసార్లు చదువుకొనవచ్చును.

ఇప్పుడు కొలత సంగతికి వస్తాము. పోగు పొడవును కొలుచుటకు స్కేలు చాలు. నల్లని వస్త్రం మీద ఒక గింజ పోగులను దువ్వి, రెక్కలవలె పరచి కొలిస్తే 25, 28, 30 మిల్లీమీటర్లని తేలుతుంది. వెడల్పు అట్లు కాదు. అది మిల్లీమీటరులో యాభయ్యవ వంతుకు అటూ ఇటూ ఉంటుంది. దానికి మైక్రాను కావలెను. మిల్లీమీటరును వేయి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాను.

సూక్ష్మదర్శినితో కొలుచుటకు రెండు చిన్న స్కేళ్లు అవసరం. ఒకటి అక్షికటకంలో అమర్చే గాజుబిళ్ల; దాని మీద నూరు గీతలుంటాయి. అయితే ఆ గీతలకు స్వయంగా విలువ లేదు. పెద్ద కటకం పెడితే ఒక విలువ, చిన్న కటకం పెడితే మరొక విలువ. రెండవది వేదిక మీద ఉంచే గాజుపలక. దాని మీద ఒక మిల్లీమీటరును సరిగా నూరు భాగాలు చేసి గీచి ఉంటారు. అనగా గీతకు గీతకు నడుమ 10 మైక్రాన్లు. ఈ రెండవదానిని ప్రమాణంగా పెట్టుకొని మొదటిదాని విలువ నిర్ణయించవలెను. ఉదాహరణకు, 40 రెట్లు చూపే వస్తుకటకంతో చూచినప్పుడు అక్షికటకంలోని 100 గీతలు వేదిక స్కేలు మీది 25 గీతలతో సరిపోయినవనుకొందాము. ఆ 25 గీతలు 250 మైక్రాన్లు. కనుక అక్షికటకంలోని ఒక్కొక్క గీతకు 2.5 మైక్రాన్లు. ఇక వేదిక స్కేలును తీసివేసి పత్తిపోగును పెట్టండి. పోగు అడ్డంగా 7 గీతలను ఆక్రమిస్తే దాని వెడల్పు 17.5 మైక్రాన్లు. వస్తుకటకం మార్చితే మాత్రం ఈ లెక్క మరల మొదటి నుండి చేయవలెను.

ఆ పోగు పొడవు 28 మిల్లీమీటర్లయితే, పొడవు వెడల్పుకు 1600 రెట్లు. బావిమోకు బొటనవ్రేలి లావు, అనగా 1.75 సెంటీమీటర్లు ఉన్నదనుకొంటే, అదే నిష్పత్తిలో మోకు పొడవు 28 మీటర్లు కావలెను. ఒకే ఒక కణం అంత మోకుగా సాగినదన్నమాట!

కొలవనిదే చూచినది శాస్త్రం కాదు అనుటకు మన తెలుగునేల మీదనే ఒక గొప్ప నిదర్శనం ఉన్నది. సికిందరాబాదులో సైనిక వైద్యుడుగా ఉన్న రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి చూస్తూ వచ్చినాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి చెల్లించినాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని ఉక్కలోనే పనిచేసినాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ జీర్ణాశయపు గోడలో గుండ్రని కణం, సుమారు 12 మైక్రాన్లది, కనబడినది. దోమ స్వంత కణాలలో ఉండని నల్లని రేణువులు దానిలో ఉన్నవి. అది మలేరియా పరాన్నజీవి అయితే మరునాటికి పెరిగి ఉండవలెనని రాస్ తర్కించినాడు. మరునాడు మిగిలిన దోమను కోస్తే కణాలు నిజంగానే పెద్దవిగా ఉన్నవి. ఆ పెరుగుదల కొలతకు అందినది గనుకనే ఊహ రుజువైనది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చినది. హుసేన్ ఖాన్‌కు ముట్టినవి కొన్ని అణాలు.

పత్తిపోగు విషయంలో మరొక చిక్కు ఉన్నది. అది కాంతి స్వభావానికి సంబంధించినది. కాంతి ఒక మాధ్యమం నుండి మరొక మాధ్యమంలోనికి పోయేటప్పుడు వంగుతుంది. గాలిలో ఉంచిన పోగు అంచుల వద్ద కాంతి బాగా వంగి, అంచు నల్లని పట్టీగా కనబడుతుంది. క్రొత్త విద్యార్థి ఆ నలుపునే కవచమని భ్రమించి కొలుస్తాడు. పోగును ద్రవంలో ముంచితే ఈ పట్టీ తగ్గుతుంది. ద్రవపు వక్రీభవనం పోగు వక్రీభవనానికి ఎంత సమీపిస్తే అంచు అంత మాసిపోతుంది, సరిగా సమమైతే పోగు కనబడకుండానే పోతుంది. కనుక అంచు కనబడవలెను, కాని కాంతి మాయ చేయరాదు. ఆ మధ్యమార్గం పట్టుకొనుటే పనివాని నేర్పు. వేదిక క్రింది డయాఫ్రంను కొంత మూసి, కొంత తెరచి చూచుకొనవలెను. వస్తువు నుండి వచ్చిన కాంతి కంటిని చేరుట వలననే చూపు కలుగుతున్నదని 11వ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతం తన 'కితాబుల్ మనాజిర్'లో ప్రయోగపూర్వకంగా నిరూపించినాడు. కన్ను చూచేది వస్తువును కాదు, వస్తువు నుండి వచ్చిన కాంతిని అనే ఎరుక సూక్ష్మదర్శిని వద్ద కూర్చున్నవానికి అడుగడుగునా అవసరం.

కాంతికి ఒక హద్దు కూడా కలదు. కంటికి కనబడే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుండి 0.7 మైక్రాన్ల వరకు ఉంటుంది. అందుచేత సాధారణ సూక్ష్మదర్శిని ఎంత మంచిదైనా సుమారు 0.2 మైక్రాన్ల కంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. బాల్స్ చూచిన దినవలయాలు ఉబ్బింపజేస్తే గాని తేలకపోవుటకు కారణమిదే. పోగు కవచం మాత్రం కొన్ని మైక్రాన్ల మందం ఉంటుంది గనుక మన ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని దానికి చాలును. హైదరాబాదులో 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. వంటి సంస్థలలో లేజరు కాంతితో, మెరిసే రంగులతో జీవించి ఉన్న కణాలను పరిశీలించే యంత్రాలున్నవి. అవి వేరే లోకం. వాటిని తలచుకొని మన చేతిలోని దానిని చిన్నచూపు చూడనవసరం లేదు.

పత్తిపోగు పక్వతను నిర్ణయించే పరీక్ష ఇట్లు ఉంటుంది. పోగులను సమాంతరంగా స్లయిడు మీద పరచి, నూటికి 18 పాళ్ల కాస్టిక్ సోడా ద్రావణం వేసి, కవరుస్లిప్ మూయవలెను. అణగి ఉన్న పోగు ఉబ్బి మరల గొట్టం వలె నిలుస్తుంది. అప్పుడు నడిమి బోలు వెడల్పును, ఒక ప్రక్క కవచపు మందాన్ని కొలిచి, మొదటిదానిని రెండవదానితో భాగించవలెను. ఫలితం 1 కంటె తక్కువైతే ఆ పోగు పక్వం. 1కీ 2కీ నడుమ ఉంటే అర్ధపక్వం. 2 మించితే అపక్వం. ఉబ్బిన పోగు మొత్తం 20 మైక్రాన్లు, అందులో బోలు 4 అయితే, రెండు ప్రక్కల కవచాలు కలిపి 16, ఒక ప్రక్కది 8. నాలుగును ఎనిమిదితో భాగిస్తే 0.5, పక్వం. అదే 20 మైక్రాన్ల పోగులో బోలు 12 ఉంటే కవచం 4. నిష్పత్తి 3, అపక్వం. బయటి కొలత రెండింటికీ ఒకటే! లోపలి కొలతలోనే తేడా.

ఇట్లు అనేక పోగులను చూచి, నూటికి ఎన్ని పక్వమో, ఎన్ని అర్ధపక్వమో, ఎన్ని అపక్వమో లెక్కించవలెను. పక్వ సంఖ్యను ఉన్నది ఉన్నట్లుగాను, అర్ధపక్వ సంఖ్యను 0.6తోను, అపక్వ సంఖ్యను 0.4తోను గుణించి, కూడి, నూటితో భాగిస్తే వచ్చేది పక్వతాగుణకం. ఒక చేనిలో 60, 25, 15 అని వస్తే 60, 15, 6 కలిపి 81, గుణకం 0.81. మరొక చేనిలో 40, 30, 30 అయితే 40, 18, 12 కలిపి 70, గుణకం 0.70. ఈ అంకెలు లెక్క తెలియుటకు మేము కల్పించినవి. రెండు చేల పత్తి ఒకే తెలుపు, ఒకే పొడవు కావచ్చును. నూలుమిల్లులో మాత్రం రెండవది తెగుతుంది, ముడులు కడుతుంది.

ఈ పద్ధతులకు మన దేశంలో పుట్టినిల్లు బొంబాయిలోని మాటుంగా. భారత కేంద్ర పత్తి సంఘం వారు 1924లో అక్కడ సాంకేతిక ప్రయోగశాలను స్థాపించినారు. కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్ వద్ద పరిశోధన చేసిన భౌతికశాస్త్రవేత్త డాక్టర్ నజీర్ అహ్మద్ 1930లలో దానికి అధిపతిగా ఉన్నారు. అణువును శోధించే చోట చదివినవారు పత్తిపోగును కొలుచుటకు పూనుకొనుట తమ విద్యకు తక్కువ అనుకొనలేదు. దేశవిభజన తరువాత వారు పాకిస్తాను అణుశక్తి సంఘానికి మొదటి అధ్యక్షులైనారు.

నంద్యాల సంగతి అంతకంటె పాతది. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం 1906లో ఏర్పడినది. మద్రాసు రాష్ట్ర కాలంలో ఈ ప్రాంతపు దేశవాళీ పత్తి వ్యాపారులలో 'నార్తరన్స్' అనే పేరుతో చలామణి అయ్యేది. తరువాతి కాలంలో రైతుల ఆదరణ పొందిన 'నరసింహ' రకం ఈ స్థానంలోనే రూపొందినది. రకాన్ని రూపొందించుట అంటే వేలాది మొక్కలలో ఏది ఉంచుకొనవలెను, ఏది పారవేయవలెను అని తేల్చుకొనుటయే. ఆ తేల్చుట చివరకు పోగు కొలత మీద ఆధారపడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నేడు పత్తి వ్యాపారంలో మైక్రోనేర్ అనే అంకె ఏలుబడి సాగిస్తున్నది. నిర్ణీతమైన తూకం గల దూదిని ఒక గిన్నెలో కుక్కి, దాని గుండా గాలిని పోనిచ్చి, గాలి ఎంత సులభంగా దూరినదో చూచి ఈ అంకెను చెబుతారు. కనీస మద్దతు ధర ప్రకటనలో కూడా ఇది ఉన్నది. మధ్యరకం పింజకు 24.5 నుండి 25.5 మిల్లీమీటర్ల పొడవు, 4.3 నుండి 5.1 మైక్రోనేర్, పొడుగు పింజకు 29.5 నుండి 30.5 మిల్లీమీటర్లు, 3.5 నుండి 4.3 మైక్రోనేర్. నిమిషంలో తేలిపోయే పరీక్ష గనుక వ్యాపారానికి అనుకూలం. కాని అందులో ఒక లోపం ఉన్నది. పోగు సహజంగా సన్ననిదైనా అంకె తగ్గుతుంది. పోగు లావుపాటిదై ఉండి కవచం పలుచనైనా అంకె తగ్గుతుంది. మొదటిది మేలురకం, రెండవది నాసి. గాలికి ఈ తేడా తెలియదు. కాంతికి తెలుస్తుంది. సూక్ష్మదర్శిని క్రింద రెండు పోగులను ప్రక్కప్రక్కన పెడితే, ఇది పుట్టుకతో సన్నని పోగు, ఇది ఆకలితో చిక్కిన పోగు అని కంటికి కనబడుతుంది.

దీని వలన ఏమిటి ప్రయోజనం అని రైతు అడుగవచ్చును. అంకె తక్కువ వచ్చినప్పుడు విత్తనాన్ని నిందించవలెనా, కాయ ఊరే కాలంలో అందని తడిని నిందించవలెనా అనేది తేలనిచో, వచ్చే ఏడు ఏమి మార్చుకొనవలెనో అతనికి తెలియదు. మంచి రకాన్ని వదలి చెడ్డదానికి మారవచ్చును. లేక విత్తనంలోనే దోషముండగా తన సాగును తానే తప్పుపట్టుకొనవచ్చును. ధర కోత పడిన రోజున యార్డులో నిలబడిన రైతుకు ఆ కోతకు కారణం తెలుసుకొనే హక్కు ఉన్నదని మా అభిప్రాయం.

ధ్రువిత కాంతి సంగతి కూడా సంక్షేపంగా చెబుతాము. పోలరాయిడ్ రేకులను రెండింటిని అడ్డదిడ్డంగా ఒకటి పోగు క్రింద, ఒకటి పోగు పైన ఉంచితే కాంతి పూర్తిగా ఆగిపోయి అంతా చీకటి అవుతుంది. ఆ చీకటిలో పత్తిపోగు మాత్రం మెరుస్తుంది. కవచంలోని సెల్యులోజ్ తంతువులు క్రమబద్ధంగా చుట్టుకొని ఉండి కాంతి కంపన దిశను మార్చుటయే దీనికి కారణం. సెలినైట్ అనే ఖనిజపు పలుచని పలకను కూడా నడుమ చేర్చితే పక్వమైన పోగులు పసుపు వన్నెలోను, అపక్వమైనవి నీలి, ఊదా వన్నెలలోను కనబడతాయి. కొలత లేకుండానే రంగు చెబుతుంది. ఒకసారి చూచినవారు మరువలేని దృశ్యం.

మన కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. సూక్ష్మదర్శినులు మనకు ఉన్నవి; కొలిచే స్కేళ్లు లేవు. ఒక వేదిక స్కేలు, నాలుగు అక్షికటకపు బిళ్లలు, రెండు పోలరాయిడ్ రేకులు కొనుటకు పెద్ద మొత్తం అవసరం లేదు. వేదిక స్కేలు ఒక్కటి ఉంటే అన్ని సూక్ష్మదర్శినులకూ క్రమాంకనం చేసుకొనవచ్చును. మన విద్యార్థులలో అనేకులు పత్తి పండించే ఇండ్ల నుండి వచ్చేవారే. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు తమ చేని పత్తిని పిడికెడు తెచ్చిన చాలును. నంద్యాల మొదలు ఆళ్లగడ్డ వరకు ఏ ఊరి పత్తి ఏ ఏడు ఎట్లున్నదో మన విద్యార్థుల పుస్తకంలోనే నమోదు అవుతుంది.

తెచ్చేవారు పాటింపవలసిన సంగతులు కొన్ని. ఒకే కాయ నుండి కాక చేనిలో నాలుగు మూలలా, నడుమా ఉన్న మొక్కల నుండి తీయవలెను. మొదటి ఏరుడు పత్తిని, చివరి ఏరుడు పత్తిని కలుపరాదు, చివరిదానిలో అపక్వ పోగులు ఎక్కువగా ఉంటాయి. మంచు ఆరిన తరువాత ఏరి, కాగితపు సంచిలో ఉంచవలెను. ప్లాస్టిక్ సంచిలో తేమ నిలుస్తుంది. సంచి మీద ఊరు, రకం, విత్తిన తేదీ, ఎన్నవ ఏరుడు, నీటి వసతి ఉన్నదా లేదా అనేవి వ్రాయవలెను. కాయ ఊరే నెలలో వాన పడినదా అనేది ఇంటిలో పెద్దవారిని అడిగి తప్పక వ్రాయవలెను. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది, కంటిలో పడితే చూపునకే ప్రమాదం. కనుక ఆ ద్రావణాన్ని అధ్యాపకుల సమక్షంలోనే, కళ్లద్దాలు, చేతితొడుగులు ధరించి వాడవలెను. పని ముగిసిన వెంటనే వస్తుకటకాన్ని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తవలెను. ఆ ద్రావణం గాజును కూడా క్రమంగా తినివేస్తుంది.